ఉపమానాన్ని బోధించడం ఎలా? సంఘ బోధకులకు, సండేస్కూలు ఉపాధ్యాయులకు ఒక సమగ్ర మార్గదర్శి

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఆదివారం ఆరాధనకు వచ్చేవారిలో చాలామంది మిగతా ఆరు రోజులూ చేనులో, మామిడి తోపులో, పాల కేంద్రం దగ్గర, ఇటుకబట్టీలో, పట్నంలో భవనాల పనిలో గడిపినవారే. యేసు ఉపమానాలు చెప్పింది కూడా ఇలాంటివారికే. అయినా మన కూడికల్లో జరుగుతున్నది చూస్తే బాధ కలుగుతుంది. కథ రెండు నిమిషాల్లో ముగుస్తుంది, వివరణ నలభై నిమిషాలు సాగుతుంది. విత్తనమంటే ఇది, పక్షులంటే ఇవి, ముండ్లపొదలంటే ఇవి అని బోధకుడే అన్నీ విప్పి చెప్పేస్తే వినేవారికి తల ఊపడం తప్ప వేరే పని మిగలదు.

ఉపమానం చేసే పని ఏమిటో తెలియాలంటే రెండవ సమూయేలు గ్రంథం 12వ అధ్యాయం ముందుగా చదవాలి. రాజైన దావీదు తన సైనికుడైన ఊరియా భార్యను తీసుకొని, ఊరియాను యుద్ధంలో చనిపోయేలా చేసిన తర్వాత నాతాను ప్రవక్త అతని దగ్గరికి వచ్చాడు. వస్తూనే నేరం మోపలేదు. విస్తారమైన గొర్రెలున్న ధనవంతుడొకడు, ఒకే ఒక్క చిన్న ఆడ గొర్రెపిల్ల ఉన్న పేదవాడొకడు అని కథ మొదలుపెట్టాడు. ఆ పిల్ల పేదవాడి చేతి ముద్ద తిని, అతని గిన్నెలోది తాగి, అతని ఒడిలో పడుకునేదని చెప్పాడు. ఇంటికి వచ్చిన అతిథి కోసం ధనవంతుడు తన మందను ముట్టుకోకుండా ఆ పిల్లను పట్టుకుపోయాడనగానే రాజు కోపంతో మండిపడి, వాడు చావదగినవాడనీ, నాలుగంతలు తిరిగి చెల్లించాలనీ తీర్పు చెప్పాడు. అప్పుడు మాత్రమే నాతాను "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. తప్పును నేరుగా ఎత్తి చూపితే రాజు సంజాయిషీ వెదుక్కునేవాడు. కథ వల్ల అతని తీర్పు అతని నోటినుంచే వచ్చింది. ఉపమానాన్ని బోధించేవారి పని ఈ బలాన్ని కాపాడటమే. కింది మెట్లన్నీ అందుకోసమే.

మొదటి మెట్టు: ఏ రకం ఉపమానమో గుర్తించండి

హీబ్రూ భాషలో "మాషాల్" అనే మాట సామెతకూ, పొడుపుకథకూ, పోలికకూ, ఉపమానానికీ ఒకటే. గ్రీకులోని "పరబోలే" అంటే ఒకదాని పక్కన మరొకదాన్ని ఉంచడం. సువార్తల్లో ఉపమానాలుగా మనం చెప్పుకునేవన్నీ ఒకే తీరులో ఉండవు. ఆవగింజ, పుల్లని పిండి వంటివి ఒకటి రెండు వాక్యాల పోలికలు. తప్పిపోయిన కుమారుడు, ద్రాక్షతోట పనివారు వంటివి మనుషులు, మాటలు, మలుపులు ఉన్న కథలు. మంచి సమరయుడు, వెర్రి ధనవంతుడు, దేవాలయంలో ప్రార్థించిన పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదుడు), సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) వంటివి ప్రవర్తనను నేరుగా చూపించే కథలు. ఈ మూడూ లూకా సువార్తలోనే ఉన్నాయి. మత్తయి, మార్కు, లూకా సువార్తల్లో ఉన్నటువంటి కథలు యోహాను సువార్తలో లేవు. మంచి కాపరి, నిజమైన ద్రాక్షావల్లి అక్కడ యేసు తన గురించి తాను చెప్పుకున్న పోలికలు.

ఈ తేడా ఎందుకంటే, రెండు వాక్యాల పోలికను కథగా సాగదీస్తే దానిలో లేనివన్నీ వచ్చి చేరతాయి. పూర్తి కథను రెండు వాక్యాలకు కుదిస్తే దానిలో ఉన్న మలుపు పోతుంది.

రెండవ మెట్టు: ఉపమానానికి ముందు వచనాలు చదవండి

ఎవరు ఏమడిగితే యేసు ఈ కథ చెప్పాడు? చాలాసార్లు జవాబు రెండు మూడు వచనాల పైనే ఉంటుంది. లూకా 15వ అధ్యాయంలో సుంకరులూ పాపులూ యేసు దగ్గరికి రావడం చూసి పరిసయ్యులూ శాస్త్రులూ సణుగుకున్నారు. ఆ సణుగుడుకు జవాబుగానే తప్పిపోయిన గొర్రె, పోయిన నాణెం, తప్పిపోయిన కుమారుడు అనే మూడు కథలూ వచ్చాయి. ఈ సంగతి తెలియకపోతే మూడో కథ ఇంటినుంచి పారిపోయిన కొడుకు పశ్చాత్తాపంతోనే ముగిసిపోతుంది, పొలం నుంచి వచ్చి వాకిట్లో నిలిచిపోయిన పెద్దకొడుకు అదనపు పాత్రగా మిగులుతాడు. నిజానికి సణుగుకున్నవారు తమను తాము చూసుకోవలసింది ఆ పెద్దకొడుకులోనే. అలాగే క్షమించని దాసుని కథకు ముందు ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని పేతురు వేసిన ప్రశ్న ఉంది. ద్రాక్షతోట పనివారి కథకు ముందు, మేము సమస్తం విడిచిపెట్టి వచ్చాము గదా, మాకేమి దొరుకుతుంది అని అదే పేతురు అడిగిన మాట ఉంది.

సిద్ధపడేటప్పుడు ఆ ప్రశ్నను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఎదురుగా పెట్టుకోండి. మీ బోధలో ప్రతి మాటా ఆ ప్రశ్న వైపు చూస్తున్నదో లేదో సరిచూసుకోవడానికి అంతకంటే తేలిక మార్గం లేదు.

మూడవ మెట్టు: ఆ కాలపు లెక్కలూ నేలా తెలుసుకోండి

ఇక్కడ కష్టపడినంత ఫలితం మరెక్కడా రాదని నా అనుభవం. క్షమించని దాసుని కథే తీసుకోండి. మొదటి దాసుడు రాజుకు అచ్చియున్నది, అంటే బాకీపడింది, పదివేల తలాంతులు; రాజు దానిని క్షమించాడు. తోటి దాసుడు అతనికి అచ్చియున్నది నూరు దేనారములు; దానిని అతను క్షమించలేదు. ఈ మాటలను అలాగే చదివితే ఒకటి పెద్ద అప్పు, ఇంకొకటి చిన్న అప్పు అని మాత్రమే తెలుస్తుంది. దేనారం ఒక రోజు కూలి అని మత్తయి 20వ అధ్యాయమే చెబుతుంది. ఒక తలాంతు దాదాపు ఆరువేల దేనారాలు. అంటే పదివేల తలాంతులు ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి మూడువందల రోజులు పని దొరికినా రెండు లక్షల సంవత్సరాలు కష్టపడాలి. కూలి రోజుకు 500 రూపాయలనుకొని నల్లబల్ల మీద లెక్క వేయించండి. మొదటి అప్పు 3,000 కోట్ల రూపాయలు, రెండవది 50,000 రూపాయలు.

పిల్లలచేత ఈ లెక్క చేయించినప్పుడు మొదటి సంఖ్యకు నవ్వుతారు. కొంచెం ఓర్పు పట్టి పెద్దలను రెండవ సంఖ్య గురించి అడగండి. యాభైవేలు కూలి చేసుకునే ఇంటికి చిన్న మొత్తం కాదు, ఆ బాకీ కోసం అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయిన ఇళ్లు ప్రతి ఊరిలో ఉంటాయి. మనకు జరిగిన అన్యాయం చిన్నదని యేసు అనడం లేదు. దానిని మూడువేల కోట్ల పక్కన పెట్టి చూడమంటున్నాడు. లెక్క వేయకుండా బోధించినప్పుడు నాకే ఈ సంగతి తట్టలేదు.

తలాంతు అనే మాట దగ్గర ఇంకొక జాగ్రత్త అవసరం. మన సంఘాల్లో తలాంతు అంటే పాట పాడటం, వాయిద్యం వాయించడం అనే అర్థం స్థిరపడిపోయింది, తలాంతుల పోటీలు కూడా పెడుతుంటాము. మత్తయి 25వ అధ్యాయంలో అది డబ్బు. ఒక్క తలాంతు పుచ్చుకున్నవాడు కూడా ఇరవై ఏళ్ల కూలికి సమానమైన సొమ్మును భూమిలో పాతిపెట్టాడు. తక్కువ దొరికిందని అతనిమీద జాలిపడేముందు వినేవారికి ఆ లెక్క తెలియాలి.

నేల సంగతి కూడా అంతే. మంచి సమరయుని కథలో దొంగల చేతికి చిక్కి గాయపడిన మనిషి యెరూషలేము నుంచి యెరికోకు దిగి వెళ్తున్నాడు. యెరూషలేము సముద్రమట్టానికి సుమారు 750 మీటర్ల ఎత్తున, యెరికో సుమారు 250 మీటర్ల దిగువన ఉన్నాయి. ఒక్క రోజు నడక దూరంలో దారి దాదాపు వెయ్యి మీటర్లు దిగుతుంది. తిరుమల కొండ మీదినుంచి తిరుపతికి దిగేదానికంటే అది ఎక్కువ పల్లం. కాని శేషాచలం అడవిలా పచ్చగా, మనుషుల సందడితో ఉండే దారి కాదు. బోడి గుట్టల మధ్య, దొంగలు పొంచి ఉండటానికి అనువైన మలుపులతో, నీడ లేని దారి. ఇంత చెబితే చాలు, ఆగి సాయపడటంలో ప్రాణభయం ఉందని వినేవారికి తెలుస్తుంది. పక్కగా వెళ్లిపోయిన యాజకుడు, లేవీయుడు (దేవాలయ సేవకుడు) రాతి మనుషులుగా కాక మనలాంటి మనుషులుగా కనిపిస్తారు.

విత్తువాని ఉపమానాన్ని మన ప్రాంతపు రైతులకు చెప్పేటప్పుడు మరొక అడ్డంకి వస్తుంది. నాగలి సాలు వెంట వేరుశనగ గింజను ఒక్కొక్కటిగా వేసే అలవాటున్నవారు, దారిలో, రాతినేలలో విత్తనం పారేసుకునే ఆ మనిషి తెలివితక్కువవాడని అనుకుంటారు. అక్కడ విత్తనాన్ని గుప్పిట పట్టి వెదజల్లేవారనీ, కాలిబాటలు చేల మధ్యగానే పోయేవనీ ఒక్క మాట ముందుగా చెప్పండి.

నాలుగవ మెట్టు: కథలో ఎవరూ ఊహించని చోటును పట్టుకోండి

యేసు ఉపమానాలు రోజువారీ బతుకులోనుంచి మొదలవుతాయి, కాని ఎక్కడో ఒకచోట ఎవరూ చేయని పని జరుగుతుంది. బోధకుడు వెదకవలసింది ఆ చోటునే.

తప్పిపోయిన కుమారుడు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి పరుగెత్తాడు. మన పల్లెల్లో ఆస్తి పంచుకుపోయి పాడుచేసుకొని వచ్చిన కొడుకు కోసం ఊరి పెద్ద ఒకరు పంచె ఎగ్గట్టి, అందరూ చూస్తుండగా వీధి వెంట పరుగెత్తడం ఎవరైనా చూశారా? గౌరవమున్న పెద్దమనిషి అరుగు మీద కూర్చొని కొడుకును వచ్చి కాళ్లమీద పడనిస్తాడు. పరుగెత్తాడనే ఆ ఒక్క క్రియ దగ్గర ఆగకుండా వెళ్లిపోయే బోధ ఆ ఉపమానాన్ని సగం మాత్రమే చెప్పినట్లు.

గోధుమలు, గురుగుల కథలో ఆశ్చర్యం వేరుగా ఉంది. గురుగులకు గ్రీకు మూలంలో ఉన్న మాట మొదట్లో గోధుమలాగే కనబడి, వెన్ను వేసినప్పుడు మాత్రమే తేడా తెలిసే కలుపును సూచిస్తుంది. మన వరి మడుల్లో ఊద ఇలాంటిదే, నాట్లు వేసే చేతులకు కూడా లేత దశలో అది వరిలాగే తోస్తుంది. ఇంతవరకూ రైతుకు కొత్త ఏమీ లేదు. అయితే కలుపు తీస్తామని దాసులు అడిగితే యజమాని వద్దంటాడు, కోతవరకూ రెండింటినీ కలిసి పెరగనీయమంటాడు. కలుపు తీయడానికే కూలికి వెళ్లే స్త్రీలకు ఇది వింతగా తోచాలి. వారికి వింతగా తోచిందంటే మీరు కథను సరిగ్గా చెప్పారన్నమాట. సంఘంలో ఎవరు నిజమైన విశ్వాసి, ఎవరు కాదు అని పెరికివేయడానికి తొందరపడే మన చేతులకు యజమాని చెప్పిన మాట అదే.

ఐదవ మెట్టు: ప్రతి వస్తువుకూ అర్థం అంటించకండి

నాలుగవ శతాబ్దంలో పుట్టిన అగస్టీను అంతటి మహాబోధకుడు మంచి సమరయుని కథను వివరిస్తూ, గాయపడినవాడు ఆదామనీ, పూటకూళ్ల ఇల్లు సంఘమనీ, దాని యజమాని అపొస్తలుడైన పౌలనీ చెప్పాడు. వినడానికి అందంగానే ఉంటుంది. కాని "నా పొరుగువాడెవడు?" అని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగిన ప్రశ్న అందులో ఎక్కడికి పోయింది? పంతొమ్మిదవ శతాబ్దం చివర జర్మన్ పండితుడు అడోల్ఫ్ యూలిచర్ ఈ పద్ధతిని గట్టిగా కాదని, ప్రతి ఉపమానానికీ ఒకే ముఖ్యమైన సంగతి ఉంటుందని వాదించాడు. నా అభిప్రాయంలో ఆ వాదన కూడా అతిగానే వెళ్లింది. విత్తువాని ఉపమానానికీ గురుగుల ఉపమానానికీ సువార్తల్లో యేసే అంశాలవారీగా వివరణ ఇచ్చాడు. కాబట్టి వాక్యమే అర్థం చెప్పినచోట దానిని బోధించండి. చెప్పనిచోట, నూనె అంటే ఇది, ద్రాక్షారసమంటే అది, రెండు దేనారాలంటే మరొకటి అని కల్పించవద్దు.

ఆరవ మెట్టు: మన ఊరి పోలికను కథ పక్కన పెట్టండి, కథ స్థానంలో కాదు

పుల్లని పిండి ఉపమానానికి మన ఆడవారు వెంటనే చెప్పే పోలిక పెరుగు తోడు. గుండిగెడు పాలకు గరిటెడు మజ్జిగ చాలు. పోలిక చక్కగానే ఉంది, వాడుకోవచ్చు. అయితే ఒక లోటు ఉంది. యూదులు పస్కా పండుగకు పులిసినది ఇంట్లో లేకుండా చేసేవారు, యేసే మరొకచోట పరిసయ్యుల పులిసిన పిండి విషయంలో జాగ్రత్తపడమని హెచ్చరించాడు. అలాంటి వస్తువును పరలోకరాజ్యానికి పోలికగా తీసుకోవడం ఆనాటివారికి ఉలికిపాటు కలిగించి ఉంటుంది. పెరుగు తోడులో ఆ ఉలికిపాటు లేదు. ఉపమానంలోని స్త్రీ పుల్లని పిండి కలిపిన మూడు కుంచాల పిండి వందమందికి పైగా సరిపోయేంత రొట్టె అన్న సంగతి కూడా పాల గిన్నెలో కనపడదు. పోలికను చెప్పి, అది ఎక్కడ సరిపోదో కూడా చెప్పడం నిజాయితీ.

గొర్రెలు, మేకల వాక్యం దగ్గర నేను చేసిన పొరపాటు చెప్పడం అవసరమనిపిస్తోంది. ఒక పల్లెలో సెలవుల సండేస్కూలులో మేకలంటే చెడ్డవారని పిల్లలకు బోధించాను. ఇంట్లో మేకలు పెంచే ఒక పిల్లవాడు లేచి "మేకలేం తప్పు చేసినాయి సార్?" అని అడిగాడు. మేకల పాల మీద, మేకపిల్లల అమ్మకం మీద వాళ్ల ఇల్లు నడుస్తోంది. నేను ఏదో సర్దిచెప్పి ముందుకు వెళ్లిపోయాను, ఆ పిల్లవాడు మాత్రం ఆ రోజంతా మళ్లీ నోరు విప్పలేదు. ఆ వాక్యంలో మేకలను తిట్టిన మాట ఒక్కటీ లేదు. పగలంతా కలిసి మేసిన జీవాలను కాపరి వేరుచేసినట్లు గొర్రెలు కుడివైపుకూ, మేకలు ఎడమవైపుకూ వెళ్తాయి, అంతే. ఎడమవైపువారు తప్పిపోయింది ఆకలిగొన్నవానికి పెట్టకపోవడంలో, రోగియైనవాడిని చూడకపోవడంలో. ఆ పిల్లవాడినే పైకి పిలిచి, జీవాలను ఎలా వేరు చేస్తారో చెప్పమని అడిగి ఉంటే పాఠం వాడి చేతిలోనే ఉండేది.

మంచి సమరయుని కథకు స్థానిక పోలిక వెదకడం అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే అవసరం కూడా. ఆసుపత్రులకూ సేవాసంస్థలకూ పెట్టుకునే పేరుగా మారిపోవడం వల్ల "సమరయుడు" అనే మాట మన చెవికి మంచి మాటైంది. యేసు మాట విన్న యూదులకు సమరయులతో సాంగత్యమే లేదు. కథ ముగిసిన తర్వాత "ఈ ముగ్గురిలో ఎవడు పొరుగువాడు?" అని అడిగితే ఆ ధర్మశాస్త్రోపదేశకుడు సమరయుడు అనే మాట పలకలేదు, జాలిపడినవాడే అని మాత్రం అన్నాడు.

తిరుపతిలో మన సంఘానికి ఆ ఉలికిపాటు ఎలా కలుగుతుంది? ప్రమాదంలో గాయపడి రోడ్డు పక్కన పడి ఉన్నవాడు మన యువజన సంఘం సభ్యుడనుకుందాం. కూడికకు ఆలస్యమవుతోందని మన బోధకుడొకరు, పాటల బృందం నాయకుడొకరు పక్కగా వెళ్లిపోయారు. నామం పెట్టుకొని, ముడుపు కట్టుకొని కొండకు నడిచి వెళ్తున్న యాత్రికుడొకడు ఆగి, తన ఉత్తరీయంతో కట్టు కట్టి, ఆటోలో ఆసుపత్రికి చేర్చి, ఖర్చుకు డబ్బు కట్టి, తిరుగుదారిలో మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు. ఇలా చెప్పి చూడండి. కొందరి ముఖాలు మారతాయి. ఈ కథ మొదటిసారి విన్నవారి ముఖాలు కూడా అలాగే మారి ఉంటాయి. యాత్రా నగరంలో బతుకుతున్న మనం ఉపమానాన్ని ఇరుగుపొరుగువారి భక్తిని తక్కువ చేయడానికి వాడితే, సమరయుని పొగిడిన నోటితోనే యాజకుడి దారిన పోయినట్లవుతుంది. ఊరికి వెలుపలి పేటలోనివారని కొందరిని దూరం పెట్టిన పల్లెల్లోనైతే, ఆ కట్టు కట్టిన చేతులు ఎవరివో బోధకుడు ఇంకా ధైర్యంగా ఎంచుకోవాలి.

ఏడవ మెట్టు: చదవకండి, చెప్పండి

వాక్యాన్ని ఒకసారి బైబిలులోనుంచి శ్రద్ధగా చదవండి. తర్వాత బైబిలు మూసి, కథను సొంత మాటల్లో చెప్పండి. పాత్రల మాటలను వారే మాట్లాడినట్లు చెప్పండి. సంఘటనల వరుసను మాత్రం మార్చకండి, ఎందుకంటే ఉపమానాల్లో వరుసలోనే కీలకం ఉంటుంది. ద్రాక్షతోట పనివారి కథలో యజమాని కడపట వచ్చినవారితో మొదలుపెట్టి కూలి ఇప్పించాడు. ఉదయం వచ్చినవారికి ముందే ఇచ్చి పంపేసి ఉంటే వారు సంతోషంగా ఇంటికి వెళ్లేవారు, సణుగుడూ ఉండేది కాదు, ఉపమానమూ ఉండేది కాదు.

ఈ కథను చంద్రగిరి వైపు ఒక పల్లెలో గృహ కూడికలో చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. పదిహేనుమంది ఉన్నారు, ఎక్కువమంది తిరుపతిలో కట్టుబడి పనికి వెళ్లేవారు. సంత వీధిలో పనికోసం నిలబడినవారి గురించి నేను వివరించవలసిన అవసరమే రాలేదు. తెల్లవారుజామున పార, తట్ట పట్టుకొని అడ్డాలో నిలబడటం వారికి తెలుసు. అయిదుగురిని ముందుకు పిలిచి, ఉదయం, తొమ్మిది, పన్నెండు, మూడు, అయిదు గంటల కూలీలుగా వరుసలో నిలబెట్టాను. అయిదు గంటలకు వచ్చినవాడి చేతిలో మొదట ఒక నాణెం పెట్టాను. ఉదయం నుంచి ఉన్నవాడి ముఖంలో ఆశ కనిపించింది. అతని చేతిలోనూ అదే ఒక్క నాణెం పెట్టేసరికి కూర్చున్న యువకుడొకడు "ఇది న్యాయం కాదు సార్" అని పైకే అనేశాడు. నేను జవాబు చెప్పబోయాను. అంతలో గోడకు ఆనుకొని కూర్చున్న ఒక పెద్దామె నెమ్మదిగా అంది: "అయిదు గంటల దాకా ఎవురూ పిలవకుండా నిలబడుకోని ఉండేది పనికంటే కష్టం నాయినా. పని చేసేవాడికి సాయంత్రం కూలి వస్తాదనే ధైర్యం ఉంటాది. నిలబడుకోని ఉండేవాడికి అది కూడా ఉండదు."

నేను రాసుకొని వెళ్లిన మూడు పేజీల వివరణలో ఈ మాట లేదు. ఆ కాగితాలు మడిచి బైబిలులో పెట్టుకున్నాను. ఆమె మాట మీద ఆ యువకుడు, మరి నలుగురు చాలాసేపు మాట్లాడుకున్నారు, నేను విన్నాను.

ఎనిమిదవ మెట్టు: ప్రశ్న వేసి ఆగండి

యేసు చాలా ఉపమానాలను ప్రశ్నతోనే మొదలుపెట్టాడు, లేదా ప్రశ్నతోనే ముగించాడు. మన ప్రశ్నలు కూడా జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు కాకూడదు. "మనం ఎవరిలా ఉండాలి?" అని అడిగితే సంఘమంతా ఒక్క గొంతుతో సమరయునిలా అంటుంది, అక్కడితో ఆలోచన ఆగిపోతుంది. దానికి బదులు "గాయపడి పడి ఉన్నది మీరైతే, ఎవరి చేతి సాయం తీసుకోవడానికి మీకు మనసొప్పదు?" అని అడగండి. పెద్దకొడుకు కథకు "అతను లోపలికి వెళ్లాడా?" అని అడగండి. లూకా ఆ సంగతి రాయలేదు. తండ్రి బయటికి వచ్చి బతిమాలుతుండగానే కథ ఆగిపోతుంది.

ప్రశ్న వేసిన తర్వాత మౌనం వస్తుంది. బోధకుడికి ఆ మౌనం భారంగా ఉంటుంది, వెంటనే తానే జవాబు చెప్పాలనిపిస్తుంది. మనసులో నెమ్మదిగా ముప్పై లెక్కపెట్టండి. సాధారణంగా ఇరవై దాటేలోగా ఎవరో ఒకరు మాట్లాడతారు. తప్పు జవాబు వచ్చినా దిద్దడానికి తొందరపడకుండా, కథలో ఏ మాట వల్ల అలా అనిపించిందో అడగండి. వారే తిరిగి వాక్యం దగ్గరికి వెళ్తారు.

సమయాన్ని పంచుకోవడానికి ఒక అంచనా చెబుతాను. నలభై అయిదు నిమిషాల కూడికలో వాక్యం చదవడానికి 5, ఆ కాలపు లెక్కలకూ నేలకూ 8, కథ చెప్పడానికి 10, ప్రశ్నలకూ మాటలకూ 15, మౌనానికీ ప్రార్థనకూ 7 నిమిషాలు సరిపోతాయి. చదువు రానివారు ఎక్కువగా ఉన్నచోట లెక్కల సమయం తగ్గించి, విన్న కథను వారిలో ఇద్దరిచేత మళ్లీ చెప్పించండి. చదువుకున్నవారి కంటే వారే మాట పొల్లుపోకుండా చెబుతారు. పదేళ్ల లోపు పిల్లలకు కథ చెప్పి, ఆడించి వదిలేయండి. అన్వయం వారికి అవసరం లేదు.

తొమ్మిదవ మెట్టు: చిక్కు ఉపమానాలను తప్పించుకోకండి

అన్యాయస్థుడైన న్యాయాధిపతి కథలో దేవుడు ఆ న్యాయాధిపతిలాంటివాడని అర్థం కాదు. అలాంటివాడే విధవరాలి గోజు పడలేక న్యాయం తీర్చితే, దేవుడు ఇంకెంత నిశ్చయంగా తీరుస్తాడు అనే వాదన అది. అర్జీ పట్టుకొని కార్యాలయాల చుట్టూ తిరిగిన స్త్రీలు ఈ కథను మనకంటే త్వరగా పట్టుకుంటారు. అన్యాయస్థుడైన గృహనిర్వాహకుని కథలో మెచ్చుకోబడింది అతని మోసం కాదు, రాబోయే రోజు కోసం అతను చూపిన యుక్తి. ఆ కథ విని సంఘం కలవరపడితే కలవరపడనివ్వండి.

పరిసయ్యుడు, సుంకరి కథలో మరొక గుంట ఉంది. దానిని బోధించి, దేవా, మేము ఆ పరిసయ్యునివంటివారము కానందుకు స్తోత్రమని ప్రార్థన ముగించిన కూడికలో నేను ఒకసారి కూర్చున్నాను. ఎవరూ గమనించలేదు, నేను కూడా ఇంటికి వచ్చిన తర్వాతే గమనించాను. పరిసయ్యుడు వారానికి రెండుసార్లు ఉపవాసముండి, సంపాదనంతటిలో పదవవంతు ఇచ్చేవాడు. మన సంఘంలో అలాంటివాడుంటే సంఘపెద్దగా ఎన్నుకుంటాము. ఆ మాట కథ చెప్పేముందే చెప్పాలి.

చివరి మెట్టు: విన్నది రాసుకోండి

కూడిక ముగిసిన రోజు రాత్రే ఒక నోటుపుస్తకంలో నాలుగు సంగతులు రాసుకోండి: ఏ ఉపమానం చెప్పారు, ఏ ప్రశ్న అడిగారు, ఎవరు ఏమన్నారు, ఎక్కడ మీరు ఎక్కువగా మాట్లాడారు. చెప్పినవారి మాటలను వారి యాసలోనే రాయండి, పుస్తక భాషలోకి దిద్దవద్దు. మూడేళ్ల తర్వాత అదే ఉపమానాన్ని వేరే పల్లెలో చెప్పవలసి వచ్చినప్పుడు ముందుగా ఆ పుస్తకం తెరవండి, ఆ తర్వాత వ్యాఖ్యాన గ్రంథాలు తెరవవచ్చు. నా పుస్తకంలో మత్తయి 20వ అధ్యాయం అని రాసుకున్న పేజీలో నా వివరణ ఒక్క పంక్తి కూడా లేదు. గోడకు ఆనుకొని కూర్చున్న ఆ పెద్దామె చెప్పిన మూడు వాక్యాలు, ఆ కింద "ఇది న్యాయం కాదు సార్" అన్న యువకుని మాట మాత్రమే ఉన్నాయి.